బావ తీసిన పులి

తాడోబా అడవికి పోయి వచ్చానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "పులి కనవడ్డదా?" కనబడింది. రెండో మాట, "ఫోటో తీసినవా?" దీనికి జవాబు కొంచెం పొడుగు. చిక్కడపల్లి రోడ్డు మీద నిలబడి చెప్పేది కాదు. చెప్పబోయినప్పుడల్లా బస్సు వస్తుంది, అడిగినవాడు ఎక్కి పోతాడు. అందుకని కూర్చుని రాస్తున్నాను. అడవికి పోనివాళ్ళు పోయినట్టే అనుకోవచ్చు. బావమరిది ఉన్నవాళ్ళు, బావ ఉన్నవాళ్ళు కొంచెం జాగ్రత్తగా చదవాలి.

మాది చిక్కడపల్లిలో ఫోటో స్టూడియో. బాపు, అంటే మా నాన్న, పెట్టింది. ముహూర్తాలు ఉన్నప్పుడు పెళ్ళిళ్ళు, లేనప్పుడు పాస్‌పోర్టు సైజు ఫోటోలు. పక్కనే అశోక్‌నగర్ ఉంది కాబట్టి రెండోదానికి కరువు లేదు. నోటిఫికేషన్ పడిందంటే చాలు, ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ చదువుకునే కాబోయే డిప్యూటీ కలెక్టర్లందరూ మా స్టూలు మీద ఒకసారి కూర్చుని పోవలసిందే. రేపు మనల్ని ఏలబోయేవాళ్ళ చెవులు రెండూ కనబడేలా చూసే బాధ్యత నాది.

బాపు నాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు మనిషిని పిలవాలి. పిలవగానే నొక్కకూడదు. పిలిస్తే ఎవరైనా బిగుసుకుంటారు. ఆ మనిషి ఒక ఊపిరి తీసి వదిలేదాకా ఆగాలి. అప్పుడు అసలు ముఖం బయటికి వస్తుంది, అప్పుడు నొక్కాలి. ఈ పద్ధతితో నేను తీసిన ఫోటోలు ఎన్ని హాల్ టికెట్ల మీద ఉన్నాయో చెప్పలేను. ఎన్ని గోడల మీద ఉన్నాయో చెప్పగలను. ఒక్కదాని మీద కూడా లేదు.

గోడల దాకా ఎందుకు, మా స్టూడియో ముందున్న అద్దాల షోకేసులోనే లేదు. షోకేసు నడుమ పెద్ద ఫ్రేములో నా చిన్నప్పటి నుంచీ ఒకే పెళ్ళికూతురు ఉంది. బాపు తీసిందే. ఆమె కొడుకు నిరుడు వచ్చి కానిస్టేబుల్ పరీక్షకు ఫోటో దిగి పోయాడు. ఆమెను దించి నా ఫోటో ఒకటి పెట్టమని అడిగినప్పుడల్లా బాపు, "గా జాగల వెట్టేటట్టు ఒక్కటి తియ్యి, వెడ్త," అంటాడు. నిరుద్యోగి ముఖం పెద్దది చేసి నడుమ పెడితే గిరాకీ రాదని ఆయన లెక్క. కాదనలేం.

ఆ వేసవిలో బంద్‌లు లేని వారం ఒకటి దొరికింది. తాడోబా పోయొస్తానన్నాను. మహారాష్ట్రలో, చంద్రపూర్ పక్కన, పులులుండే అడవి. బాపు అద్దాలు తీసి తుడుచుకుని, "మంచి ఫోటో తెస్తే పెండ్లిపిల్లను దించి అదే నడుమ వెడ్త," అన్నాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆయన ఇచ్చిన వరం అదొక్కటే. ఇబ్బంది ఏమిటంటే, ఆ మాట అన్నప్పుడు మా బావ కూడా అక్కడే కూర్చుని సమోసా తింటున్నాడు.

నారాయణగూడ అల్లుడు

బావ పేరు ప్రభాకర్. నారాయణగూడలో ఉంటాడు. బ్యాంకులో క్యాషియర్. మా అక్క సునీతను చేసుకున్నాడు. చాలా మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఇక ముందు చెప్పే అవకాశం రాదు.

అతను ఈ మధ్యే కొత్త కెమెరా కొన్నాడు. నాది బాపు వాడి వాడి, ఇక వద్దనుకున్నాక నాకు వచ్చింది. అతని కెమెరా పెట్టెలో నుంచి తీస్తే కొత్త బూట్ల వాసన వస్తుంది. నాది తీస్తే పెళ్ళిభోజనాల వాసన వస్తుంది.

"బామ్మర్ది, మేం గూడ వస్తం," అన్నాడు సమోసా ముగించి. "మీ అక్క గూడ అడివి చూసినట్టయితది. మామా, మీ పొడుగు లెన్సు నా కెమెరాకు వడ్తదా?"

స్టూడియోలో పొడుగు లెన్సు ఒక్కటే ఉంది. దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాగేది అదే. దాన్ని తుడవడం నా పని, వాడడం బాపు పని. ఈ యాత్రకు అది నాతో వస్తుందని నేను మనసులో ఎప్పుడో రాసేసుకున్నాను.

"వడ్తది," అన్నాడు బాపు. నాకేసి తిరిగి, "అల్లుడు అడిగిండు. ఇయ్యి రా," అన్నాడు.

మా ఇళ్ళలో అల్లుడు అడిగితే కాదనే ఆచారం లేదు. కూరలో మంచి ముక్క అల్లుడికి, కూలర్ ముందు మంచం అల్లుడికి, పెళ్ళి బరాత్‌లో మొదటి కారు అల్లుడికి. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. లెన్సు సంగతి మాత్రం పెద్దలెవరూ ముందు చెప్పలేదు.

"బాపూ, అది నాకు కావాలె గదా! పులి వచ్చి మన స్టూలు మీద కూసుంటదా?"

"నీకు పని తెలుసు, దేనితోనైన తీస్తవ్. ఆయనకు తెల్వది. ఆయనకే లెన్సు కావాలె."

ఈత రానివాడికి పడవ, వచ్చినవాడికి చెరువు. ఎంత ఆలోచించినా ఈ తర్కంలో తప్పు దొరకలేదు, అందుకే ఇంకా మండింది. మెత్తటి గుడ్డతో లెన్సు తుడిచి బావ చేతికి ఇచ్చాను. అతను దాన్ని కల్లుకుండ పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

గోదావరి వంతెన

రైల్లో కిటికీ సీటు ఎవరికి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. నేను ఎదుటి వరసలో నడుమ కూర్చున్నాను. మంచిర్యాల ఇవతల గోదావరి వంతెన వచ్చింది. వేసవి గోదావరి అంటే బోలెడంత ఇసుక, అందులో దారి తప్పిన నీళ్ళు. జనం కిటికీల్లోంచి రూపాయి బిళ్ళలు వేసి దండం పెట్టుకుంటున్నారు. బిళ్ళ ఇసుకలో పడినా పుణ్యమే అని పక్కనున్న పెద్దమనిషి నాకు ధైర్యం చెప్పాడు.

నేను అవతలి కిటికీ దాకా తోసుకుపోయి కెమెరా పెట్టాను. నాకు వంతెన ఇనుప దూలాలు వచ్చాయి. చాలా స్పష్టంగా వచ్చాయి. రైల్వే ఇంజనీర్లకు పనికొస్తాయి. అదే సమయంలో బావ కిటికీలోంచి ఊరికే పైకెత్తి నొక్కాడు. ఇసుకతిన్నె మీద నుంచి తెల్లకొంగల గుంపు ఒకటి, అప్పటిదాకా అతని కోసమే ఆగినట్టు, ఒక్కసారిగా లేచింది.

"సూడు బామ్మర్ది, ఎట్లొచ్చిందో!" అని కెమెరా తెర నా ముక్కు కింద పెట్టాడు.

కొంగలు, నీళ్ళు, దూరాన ఒక తెప్ప. ఎవరో వరసగా పేర్చి పెట్టినట్టున్నాయి.

"పర్వాలేదు," అన్నాను. ఫోటో తీసేవాళ్ళ భాషలో ఈ మాటకు అర్థం చాలా బాగుందని, కానీ చెప్పడం ఇష్టం లేదని.

అక్క సర్వపిండి ముక్కలు పంచుతూ నన్ను చూసి నవ్వింది. "నీ మొఖం జూడు, పచ్చిమిరపకాయ నమిలినట్టున్నది. ఏమైంది రా?"

"నీ సర్వపిండిల కారం ఎక్కువైంది."

"ఇంక నువ్వు తిననే లేదు."

చంద్రపూర్‌లో రాజవ్వ

హైదరాబాద్ ఎండను తిట్టేవాళ్ళు ఒకసారి చంద్రపూర్‌లో రైలు దిగాలి. తిరిగి వచ్చాక మళ్ళీ తిట్టరు. చాయ్ మా దగ్గరకంటే చవక, కాకపోతే గ్లాసు చూస్తే దగ్గు మందు పోసే మూత గుర్తొస్తుంది. పొద్దున్నే అటుకుల మీద ఎర్రటి శనగల పులుసు పోసి ఇస్తారు. మన ఇళ్ళలో అటుకులు జ్వరం వచ్చినవాడికి పెడతారు. అక్కడి అటుకులు తింటే లేని జ్వరం వస్తుంది. అయినా రెండోసారి పోయించుకున్నాను.

మధ్యాహ్నం భోజనానికి వెతుకుతుంటే ఒక చిన్న మెస్సు కనబడింది. గోడ మీద తెలుగులో "భోజనం కలదు" అని ఉంది. నడిపేది రాజవ్వ అనే పెద్దామె. పెళ్ళయి మంచిర్యాల వైపు నుంచి వచ్చి, భర్త బొగ్గు గనిలో పని చేస్తుంటే ఇక్కడే ఉండిపోయిందట. పిల్లలు మరాఠీలో మాట్లాడతారు, తిట్టడానికి మాత్రం తల్లి దగ్గర తెలుగు నేర్చుకున్నారు.

"ఏ ఊరు బిడ్డా మీది?" అంది.

"హైదరాబాద్, అవ్వ. చిక్కడపల్లి."

"గీయన ఎవరు? నీ పెనిమిటా?" అని అక్కను అడిగింది.

అక్క తల ఊపడం ఆలస్యం, రాజవ్వ లోపలికి పోయి నెయ్యి గిన్నె తెచ్చింది. "మన దిక్కు అల్లుడు. ఉత్తగ తింటాడా?" అని బావ రొట్టె మీద ధారగా పోసింది. రొట్టె మన జొన్నరొట్టే, అక్కడ భాకరి అంటారు. పక్కన దంచిన పచ్చిమిర్చి, వెల్లుల్లి, గుత్తివంకాయ. గిన్నె నా దాకా వచ్చేసరికి అడుగంటింది.

"నువ్వు పిల్ల తమ్మునివా?" అంది నన్ను చూసి. ఆ గొంతులో జాలి ఉంది. ఇంకొంచెం పచ్చిమిర్చి వేసింది.

పులిని చూడడానికి వచ్చామని చెప్తే ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "పైసలు వెట్టుకొని పోతర్రా దాన్ని సూడనీకె? మా చెల్లె ఊర్లె ఊరికెనే వస్తది. పోయినేడు వాళ్ళ బర్రెను తీస్కపోయె. వారం దినాలు ఇంట్ల పొయ్యి వెలగలే."

బావ రొట్టె తుంచడం ఆపి మెల్లగా, "అవ్వ, అది ఎట్లుంటది?" అన్నాడు.

"ఎట్లుంటది? నిన్ను సూడనట్టే ఉంటది. గదే భయం," అని ఆమె నీళ్ళు పోసి పోయింది.

మొహర్లీ గేటు

అడవిలోకి పోయేది మొహర్లీ అనే ఊరి గేటు నుంచి. పైకప్పు లేని జిప్సీ బండి, ఒక డ్రైవరు, ఒక గైడు. మా గైడు పేరు దేవరావ్. మా హైదరాబాదీ హిందీ విని, "ఇది ఏ దేశపు భాష?" అని మర్యాదగానే అడిగాడు. తర్వాత నియమాలు చెప్పాడు. బండి దిగొద్దు, ఏమీ పారేయొద్దు, అన్నిటికంటే ముఖ్యం, నోరు తెరవొద్దు. చివరిదాని దగ్గర మా అక్క వైపు చూశాడు. అతను తప్పు మనిషి వైపు చూశాడని ఆ తర్వాత తేలింది.

బావ ఎర్ర టీ షర్టు వేసుకొచ్చాడు. మైలు దూరం నుంచి పోస్టు డబ్బాలా కనబడుతున్నాడు. అంత కొట్టొచ్చే రంగుతో అడవిలోకి తీసుకుపోవడం తన వల్ల కాదన్నాడు దేవరావ్. నాకు లోపల చిన్న ఆశ పుట్టింది, బహుశా అతన్ని గేటు దగ్గరే వదిలేస్తారేమోనని. అక్క తన మట్టిరంగు చున్నీ తీసి అతని ఒంటికి చుట్టింది. ఈ గొడవలో బండి వెనక సీటు మీద ఒక కొండముచ్చు ఎక్కి మిగిలిన సర్వపిండి డబ్బా ఎత్తుకుపోయింది. చెట్టు మీద కూర్చుని మూత తీసి, ఒక ముక్క కొరికి, దాన్ని పక్కన పెట్టి మా వైపు చూసింది. కారం నిజంగానే ఎక్కువైనట్టుంది.

చున్నీ కప్పుకుని చెట్టు కింద నిలబడి బావ ఆ కొండముచ్చును ఫోటో తీశాడు. అదీ బాగానే వచ్చింది.

తాడోబా చెరువు

పొద్దున అడవి చాలా అందంగా ఉంటుంది. ఈ మాట అందరూ రాస్తారు, నేనూ రాయక తప్పదు. వెదురంతా ఎండి బంగారు రంగులో ఉంది. ఆకులు రాలిన చెట్ల నడుమ తెల్లటి బెరడుతో ఒక్కో చెట్టు సున్నం వేసిన గోడలా మెరుస్తుంది. ఇప్పపువ్వు వాసన ఇంకా కొంచెం మిగిలి ఉంది. రోడ్డు పక్కన అక్కడక్కడా పాత రాతి స్తంభాలు. గోండు రాజుల కాలంలో వాటి మీదుగా తాడు కట్టి, ఇక్కడ లాగితే అంత దూరాన కోటలో గంట మోగేలా చేశారని చెప్తారు. రాజు వస్తున్నాడని కబురట. మా వీధిలో కేబుల్ వైరు కూడా అలాగే కట్టారు కానీ ఇంతవరకు ఏ కబురూ సరిగ్గా రాలేదు.

బండిలో నేను ఎడమ వైపు కూర్చున్నాను. నిన్న పులి ఎడమ వైపు కనబడిందని గేటు దగ్గర విన్నాను. అందుకని ఆ రోజు జంతువులన్నీ కుడి వైపు వచ్చాయి. కుడి వైపు పెద్ద కొమ్ముల కణుజులు, చుక్కల జింకలు. కుడి వైపు నల్లటి అడవిదున్న, నాలుగు కాళ్ళకూ తెల్ల మేజోళ్ళు తొడుక్కున్నట్టు. నా వైపు వెదురు. బావ తల మీద నుంచి తీద్దామంటే నా దగ్గరున్నది పొట్టి లెన్సు. అందులో అడవిదున్న మేకంత వచ్చింది, బావ చెవి ఏనుగంత వచ్చింది.

ఇంతలో ఒక మోడు మీద పాలపిట్ట. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మా ఇంటిల్లిపాదీ తిరుగుతాం. చివరికి ఎవరో పంజరంలో తెచ్చినదాన్ని చూసి సరిపెట్టుకుంటాం. ఇక్కడది దర్జాగా కూర్చుంది, నా వైపే. దేవుడున్నాడు అనుకుని నొక్కాను. నొక్కే లోపల లేచింది. నాకు మోడు వచ్చింది. అది బండి మీదుగా ఎగిరి బావ ముందు రెక్కలు విప్పింది. నీలం, ముదురు నీలం, మళ్ళీ నీలం. టకటకమని అతని కెమెరా మోగింది.

"బామ్మర్ది, నీకు వచ్చిందా?"

"కొమ్మ వచ్చింది."

"కొమ్మ గూడ మంచిగనే ఉంటది గదా," అన్నాడు. వెక్కిరించలేదు, నిజంగానే అన్నాడు. అదే అతనితో వచ్చిన చిక్కు. కొంచెం వెక్కిరించినా నాకు సుఖంగా ఉండేది.

చెరువు గట్టున, చెట్టు కింద, తారు అనే అతని గద్దె ఉంది. దేవరావ్ బండి ఆపించి చేతులు జోడించాడు. తారు ఒక ఊరి పెద్దట. ఈ గట్టునే పులితో పెనుగులాడి చనిపోయాడట. అడవికి పేరు కూడా ఆయనదే అంటారు. మా దగ్గర రోగాలు రాకుండా పోచమ్మకు బోనం పెడతాం, గెలిపించే దేవతకు. వీళ్ళు ఓడిపోయినవాణ్ణే దేవుణ్ణి చేసుకున్నారు. ఈ ఊరి పద్ధతి నాకు బాగా నచ్చింది. ఇక్కడ నాకు భవిష్యత్తు ఉందనిపించింది.

ఆ సాయంత్రం బస దగ్గర బావ తన ఫోటోలన్నీ నాకు చూపించాడు. "నీ అసొంటి పని తెలిసినోడు చెప్తెనే తెలుస్తది. తప్పులు జెప్పు." నేను శ్రద్ధగా వెతికాను. ఇంత శ్రద్ధగా నేను ఏ పరీక్షకూ చదవలేదు. కొన్ని వంకరగా ఉన్నాయి, అంతే. వంకరగా ఉన్నాయని చెప్పాను. అతను ఎంతో సంతోషించాడు.

నీటి గుంట

చివరి సఫారీకి నేను కుడి వైపు కూర్చున్నాను. బావ, "నీకు నచ్చిన దిక్కు కూసో," అని ఎడమకు జరిగాడు. ఈ పూట రాకపోతే ఇక లేదు. పెళ్ళికూతురు ఇంకో ఇరవై ఏళ్ళు షోకేసులో ఉంటుంది. ఆమె మనవడికి కూడా నేనే ఫోటో తీస్తాను.

కణుజు ఒకటి గట్టిగా కూసింది, పులి దగ్గర్లో ఉంటే అలా కూస్తుందట. దేవరావ్ చెయ్యెత్తాడు. మలుపు తిరిగితే నీటి గుంట, గట్టున వరసగా బండ్లు. నీళ్ళలో నడుము దాకా దిగి ఆడపులి ఒకటి పడుకుని ఉంది. బండి ఆగిన తీరుకి అది సరిగ్గా మా ముందుకు వచ్చింది. కుడి, ఎడమ తేడా లేకుండా అందరికీ కనబడుతోంది. ఇక్కడ నా గుండె ఆగిపోయిందని రాయాలి. ఆగలేదు, మామూలుగానే కొట్టుకుంది. మెడ మీద ఏదో కుట్టింది, గోక్కున్నాను.

సమస్య ఒకటే. పులి మాకు వీపు పెట్టి పడుకుంది. ఎంత గొప్పవాడు తీసినా పులి వీపు ఆరేసిన చారల దుప్పటిలా వస్తుంది. బండ్లలో అందరూ ఎదురుచూస్తున్నారు. అది తిరగదు. తోక ఒకసారి నీళ్ళ మీద కొట్టి మళ్ళీ ఊరుకుంటుంది. రాజవ్వ చెప్పింది ఇదే. మేమెవరమూ లేనట్టే ఉంది.

నా పొట్టి లెన్సులో ఆ దృశ్యం మొత్తం పట్టింది. బంగారు వెదురు, పచ్చటి నీళ్ళు, నీళ్ళలో తలకిందులుగా పులి. నా జన్మలో అంత మంచి ఫ్రేము చూడలేదు. బావ దగ్గరున్న పొడుగు లెన్సు ఇంత వెడల్పు పట్టలేదు. మొదటిసారి నా చేతిలో ఉన్నదే సరైనది. ఇక ముఖం ఒక్కటే కావాలి. ఒక్కసారి ఇటు తిరిగితే షోకేసు నాది.

అప్పుడు నా నోటి నుంచి మాట వచ్చింది. నేను అనాలనుకోలేదు. కెమెరాకు కన్ను ఆనించి, ఎదుటివాడు అటు చూస్తుంటే, ఏళ్ళుగా రోజంతా అనే మాట అది.

"మేడం, ఇటు సూడుండ్రి. గదుమ జర పైకి."

పులి తిరిగింది.

తల ఎత్తి, గడ్డం కొంచెం పైకి పెట్టి, సూటిగా నా వైపు చూసింది. రెండు పసుపు కళ్ళు. మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నా వేలు మీట మీదే ఉంది. నేను నొక్కలేదు. ఎందుకంటే పిలవగానే నొక్కకూడదు. ఒక ఊపిరి తీసి వదిలేదాకా ఆగాలి. నేను ఆగాను. ఎంతో మంచి శిక్షణ పొందినవాడిలా, ఎంతో ఓపికగా ఆగాను.

పులికి బిగుసుకునే అలవాటు లేదు. ఊపిరి వదలకుండానే అటు తిరిగింది. అప్పుడు నొక్కాను. చెవి వెనక భాగం వచ్చింది. పులి చెవి వెనక తెల్లటి మచ్చ ఉంటుంది. చదువరుల జ్ఞానం కోసం చెప్తున్నాను, నాకు ఇంకే ఉపయోగమూ లేదు.

పక్కన బావ బిక్కముఖంతో కెమెరా తెర చూసుకుంటున్నాడు.

"నువ్వు ఒక్కసారే అరిస్తివి గదా. బెదిరిపోయి నొక్కిన," అని గుసగుసగా అన్నాడు. "ఏందో వచ్చినట్టున్నది."

తెర కొంచెం వంకరగా ఉంది. మిగిలినదంతా ఉంది. తడి ముఖం, రెండు కళ్ళు, ఆ చూపు. ఆ చూపు నాది. నన్ను చూసిన చూపు, అతని కార్డులో.

దేవరావ్ పళ్ళు కొరుకుతూ నన్ను తిట్టాడు. పక్క బండిలో నాగ్‌పూర్ పెద్దమనిషి ఒకాయన నన్ను చూసిన చూపుకు పులి చూపే నయం. పులి లేచి, నీళ్ళు దులుపుకుని, వెదురులోకి నడిచిపోయింది. బండి కొంత దూరం పోయాక దేవరావ్ ఉండబట్టలేక, అసలు దానితో ఏమన్నావని అడిగాడు. అక్క హిందీలో చెప్పింది. గడ్డం పైకెత్తమన్నాడని, పైగా మేడం అన్నాడని. దేవరావ్, డ్రైవరు కలిసి నవ్విన నవ్వుకు జిప్సీ గేరు మారలేదు.

మళ్ళీ చిక్కడపల్లి

బాపు కంప్యూటర్ ముందు కూర్చుని బావ ఫోటోను చాలాసేపు చూశాడు. బావ, అక్క, నేను వెనక నిలబడ్డాం. నా ఫోటోలు అప్పటికే చూసేశాడు. గోదావరి దూలాల దగ్గర ఒకసారి తల ఊపాడు.

"గిది ఊరికె చూసిన చూపు గాదు," అన్నాడు చివరికి. "ఎవరో పిలిస్తే చూసిన చూపు. ఎవరు పిలిచిన్రు?"

అక్క నన్ను వేలితో పొడిచింది. "వీడే బాపూ. మేడం అని పిలిచిండు."

బాపు కుర్చీ తిప్పాడు. "నువ్వు పిలిస్తే నువ్వెందుకు నొక్కలే?"

"ఊపిరి ఇడిచేదాకా ఆగిన. నువ్వు నేర్పినట్టే."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, తిడతాడేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. "ఔ రా, నేనైతె నేను గూడ ఆగుతుంటి," అన్నాడు.

ఆ మాటతో నాకు సగం అసూయ పోయింది. పోయిన సగం మరుసటి మాటతోనే తిరిగి వచ్చింది.

"అల్లుడూ, నీదే వెడ్తున్న నడుమ."

"వద్దు మామా! నేనేదో బెదిరి నొక్కిన. వాడు పిలువకుంటే అది చూస్తుండెనా? వాని పేరే వెట్టుండ్రి," అన్నాడు బావ. నిజంగా మనస్ఫూర్తిగా అన్నాడు. ఇంకొక్కసారి అంటే బాపు ఒప్పుకుంటాడని నాకు తెలుసు. నేను బావ నోటికేసి చూస్తూ నిలబడ్డాను.

"నొక్కినోని పేరే వెడ్తరు," అన్నాడు బాపు.

"సరే మామా," అన్నాడు బావ.

ఫోటోను ప్రింటుకు తయారు చెయ్యడం నా పని. స్టూడియోలో ఆ పని వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. వంకరను అలాగే వదిలేద్దామనుకుని కూర్చున్నాను. చెయ్యి ఊరుకోలేదు, సరిచేసేసింది. రంగు కొంచెం సవరించాను. నీళ్ళ మీద వెలుగు తగ్గించాను. పెద్దది చేసి చూస్తే అది నిజంగానే మంచి ఫోటో. నేను తీసి ఉంటే చుట్టూ వెదురంతా పట్టేవాణ్ణి, కళ్ళు ఇంత పెద్దవి వచ్చేవి కావు. ఈ సంగతి ఇంకెక్కడా చెప్పలేదు, ఇక్కడే చెప్తున్నాను.

అప్పుడు కనబడింది, పులి నుదుటి మీద, రెండు కళ్ళకు సరిగ్గా నడుమ, ఒక ఈగ. మొటిమలు, మచ్చలు, పెళ్ళికొడుకు బట్టతల, అన్నీ తీసెయ్యడం మేం నిత్యం చేసే పని. ఈగ ఎంతసేపు? ఒక్క నొక్కు. కానీ తీయలేదు. వంకర నేను సరిచేశాను, రంగు నేను దిద్దాను, ఈగ కూడా నేనే తీయాలా? అంత పెద్ద ఫ్రేములో, నుదుటి మీద ఈగతో, కింద బావ పేరుతో, షోకేసు నడుమ తగిలించాను. నాలుగు రోజులు మనసు చల్లగా ఉంది.

ఐదో రోజు నుంచి మొదలైంది. హాస్టల్ పిల్లలు, కూరగాయల సంచులతో పోయే ఆడవాళ్ళు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, అందరూ అద్దం దగ్గర ఆగుతున్నారు. నిన్న గ్రూప్స్ చదివే అతనొకడు ముక్కు అద్దానికి ఆనించి చూశాడు. తర్వాత లోపలికి తల పెట్టి, "అన్నా, ఏం తీసిన్రే! నొసటి మీద ఈగ గూడ కనవడ్తుంది. గిసొంటి పనితనం యాడ జూడలే. ఎవరన్నా తీసింది?" అన్నాడు.

"మా బావ," అన్నాను.

ఈగ ఎవరిదని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.